గుండీల డబ్బా

పొద్దున్నే అయిదుంబావుకి కోడలు బస్సు డిపోకి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ముందుగా నిద్ర లేచేది బాయిలరు. మొదట గురక పెడుతుంది, తర్వాత రెండుసార్లు దగ్గుతుంది, ఆ తర్వాత గొట్టాల నిండా ఆవిరి నింపుకుని బుసకొట్టడం మొదలుపెడుతుంది. ఆ బుస వినిపించిందంటే ఆరు కావొస్తోందని ఇస్త్రీ అమ్మ లెక్క. గడియారం వంక చూడక్కర్లేదు. చేతులు శుభ్రంగా కడుక్కుని మనవరాలి మందు పనికి కూర్చుంటుంది.

వీధిలో అందరికీ ఆవిడ ఇస్త్రీ అమ్మే. ముందు గదిలో లాండ్రీ, వెనక రెండు గదుల్లో కాపురం. భర్త పోయి పన్నెండేళ్ళయినా ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె చల్లారలేదు. ఇప్పుడు కొడుకు ఇస్త్రీ చేస్తాడు, ఆవిడ మడతలు పెడుతుంది. కోడలు సిటీ బస్సు నడుపుతుంది. ఈ ముగ్గురి ప్రాణమూ ఏడాదిన్నర పిల్ల మీదే. ఆసుపత్రి నుంచి పొత్తిగుడ్డల్లో చుట్టి తెచ్చిన రోజున, "ఇదేంట్రా, చొక్కా గుండీ అంత ఉంది!" అని ఇస్త్రీ అమ్మే అన్నది. ఆ మాటే పిల్లకి పేరై కూర్చుంది.

గుండీ పుట్టిన నాలుగో రోజున మడమ మీద సూదితో పొడిచి నాలుగు చుక్కల రక్తం తీశారు. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే సరిగ్గా పనిచెయ్యడం లేదనీ, ఒళ్ళు ఎదగడానికీ మెదడు ఎదగడానికీ కావలసిన హార్మోను పిల్లలో తయారవడం లేదనీ తేలింది. పిల్లల డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"భయపడకండి. రోజుకొక చిన్న మాత్ర, అంతే. పొద్దున్నే, పాలు పట్టడానికి అరగంట ముందు. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే, అందుకే మూడు నెలలకోసారి రక్తం చూసి నేను మోతాదు మారుస్తుంటాను. మొదటి మూడేళ్ళూ మెదడు ఎదిగే కాలం. ఒక్క రోజు కూడా మానకండి."

కొడుకూ కోడలూ తలూపి లేచారు. ఇస్త్రీ అమ్మ లేవలేదు.

"డాక్టరమ్మా, ఒక్క మాట. యాభై ఏళ్ళ కిందట ఈ మాత్ర ఉండేదా?"

డాక్టరమ్మ ఆవిడ వంక ఓ క్షణం చూసింది. "ఉండేదమ్మా. పరీక్ష చేసి కనిపెట్టేవాళ్ళే తక్కువ."

ఆ రోజే ఇస్త్రీ అమ్మ ఇంటికొచ్చి, "ఈ మందు పని నాది. ఇంకెవరూ ముట్టుకోకండి" అని చెప్పేసింది.

ఇదిగో, ఇప్పుడూ అదే పని. డబ్బాలోంచి ఓ మాత్ర తీసి రెండు చెంచాల మధ్య పెట్టి నలిపింది. మెత్తగా పొడైంది. అర చెంచాడు నీళ్ళు కలిపింది.

"గుండీ, నోరు తెరువమ్మా."

గుండీ నోరు తెరిచింది. మందు మింగింది. మళ్ళీ పక్కకి ఒత్తిగిలి పడుకుంది.

రెండు నెలల కిందట ఇదే పనికి యుద్ధం జరిగేది. పిల్ల కాళ్ళతో తన్నేది, చెంచా విసిరికొట్టేది, నాయనమ్మ జుట్టు పట్టుకుని ఊగేది. ఇప్పుడు చెప్పిన మాట వింటోంది. బంగారంలాంటి పిల్ల, అనుకుంది ఇస్త్రీ అమ్మ. అనుకున్నాక ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. ఎందుకో తెలుసు. తెలిసినా అటువైపు ఆలోచన పోనివ్వలేదు.

గోడకి కట్టిన తాడుకి నంబరున్న గుడ్డ ట్యాగు ఒకటి పిన్నుతో గుచ్చింది. లాండ్రీలో ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి పెట్టే ట్యాగులే అవి. మందు వేసిన ప్రతి రోజూ ఒకటి గుచ్చుతుంది. మూడు నెలల కిందటి రక్తపరీక్ష నాటి నుంచి ఇది ఎనభై తొమ్మిదోది.

"ఏమంటోంది మా అధికారిణి?" అంటూ కొడుకు తుండుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమంటుంది, పడుకుంది."

"మళ్ళీనా? నీ మనవరాలు కాదమ్మా ఇది, నాకే అక్కలా ఉంది. నేనూ ఇలాగే మధ్యాహ్నం దాకా పడుకునేవాణ్ణని నువ్వే అన్నావుగా."

"నువ్వు బడి ఎగ్గొట్టడానికి పడుకునేవాడివి. దాన్ని నీతో పోల్చకు."

కొడుకు నవ్వాడు. నవ్వుతూనే పిల్ల బుగ్గ నొక్కి చూశాడు. "మొహం కొంచెం ఉబ్బినట్టు లేదూ?"

"పాలు ఒంటబట్టాయి. దిష్టి పెట్టకు" అని లోపలికి వెళ్ళిపోయింది ఆవిడ.

ఆ మధ్యాహ్నం రెండు గంటలకి కోడలు వచ్చింది. పొద్దుటి డ్యూటీకీ నాలుగింటి డ్యూటీకీ మధ్య ఇంటికి రావడం ఆమెకి అలవాటే. వస్తూ వస్తూనే, "అత్తయ్యా, టీ ఉందా? మా బస్సు ప్రయాణికులు నా మెదడు పిండేశారు" అని చెప్పులు విడుస్తుంది. ఆ రోజు చెప్పులు విడవలేదు. యూనిఫాంతోనే వచ్చి మడతల బల్ల మీద ఓ కాగితం పెట్టింది. పక్కన మందుల షాపు సంచీ ఒకటి పెట్టింది.

"మొన్న తీసిన రక్తానికి రిపోర్టు వచ్చింది."

"ఏమన్నారమ్మా?"

"అత్తయ్యా, ఒక్క మాట అడుగుతా. నిజం చెప్పండి. గుండీకి మందు రోజూ వేస్తున్నారా?"

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. కొడుకు తలెత్తాడు. "అదేం ప్రశ్న?"

"మీరు ఊరుకోండి. నేను అత్తయ్యని అడుగుతున్నా."

ఇస్త్రీ అమ్మ చేతిలో ఉన్న చొక్కాని బల్ల మీద పెట్టింది. "రోజూ వేస్తున్నా."

"మందు సరిగ్గా పడితే నాలుగు దాటకూడని అంకె ముప్పై ఒకటుంది. డాక్టరమ్మ నా మొహం మీదే అంది, మందు పడుతున్న పిల్ల రక్తంలా లేదమ్మా ఇది, ఇంట్లో ఎవరు వేస్తున్నారో కనుక్కో అని. అందరిముందూ! పిల్ల నిద్రపోతోందని నాకు ఈ నెలంతా అనుమానమే. విరేచనం సరిగ్గా లేదు, చర్మం గరగరలాడుతోంది, 'బస్సు' అనే మాట వచ్చేది, అదీ మానేసింది. అడిగితే మీరేమన్నారు? ఎండలకి సోలిపోతోంది అన్నారు."

"నాకలాగే అనిపించిందమ్మా."

"మీకు ఎలా అనిపిస్తే నాకెందుకండీ! మందు వేశారా లేదా? పని ఒత్తిడిలో మరిచిపోయి ఉంటారు, ఫర్వాలేదు, ఆ మాట చెప్పండి. రేపటి నుంచి నేనే డ్యూటీ మార్పించుకుని వేసుకుంటా."

"మరిచిపోలేదు."

"మరి ఆ అంకె అబద్ధం చెబుతోందా?"

"ఆ అంకె సంగతి నాకు తెలియదు. నా చెయ్యి సంగతి నాకు తెలుసు."

కోడలి మొహం ఎర్రబడింది. పొద్దుట్నుంచీ స్టీరింగు పట్టుకున్న అలసట, డాక్టరమ్మ ముందు తల దించుకున్న అవమానం, బిడ్డ మీద భయం, అన్నీ కలిసి ఒక్క మాటై బయటికొచ్చాయి.

"ఒక బిడ్డ అలా నిద్రపోతుంటే చూస్తూ కూర్చున్న మనిషి మీరు. నా బిడ్డనీ అలాగే చూస్తూ కూర్చుంటారా?"



"నోరు మూసుకో" అన్నాడు కొడుకు మెల్లగా. పెళ్ళయిన ఆరేళ్ళలో భార్యని అతను ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆ బిడ్డ ఇస్త్రీ అమ్మ మొదటి కూతురు. నెమ్మది అని పిలిచేవాళ్ళు. పుట్టిన దగ్గర్నుంచీ ఏడుపు లేదు, పేచీ లేదు. పడుకోబెడితే పడుకునేది, లేపి పాలిస్తే తాగేది. వచ్చినవాళ్ళందరూ ఎంత బుద్ధిమంతురాలు, ఎంత బంగారంలాంటి పిల్ల అని మెచ్చుకునేవాళ్ళు. ఇస్త్రీ అమ్మ పొంగిపోయేది. నాలుగేళ్ళొచ్చినా నడక రాలేదు. పదేళ్ళకి అయిదేళ్ళ పిల్లంత ఉండేది. ఇరవై రెండేళ్ళు ఆ బాయిలరు పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని మేజోళ్ళ జతలు కలిపింది. అదొక్కటే వచ్చింది ఆమెకి. ఒక్క జత కూడా తప్పు కలపలేదు. ఒక చలికాలం జ్వరమొచ్చి రెండు రోజుల్లో పోయింది.

ఇస్త్రీ అమ్మ గోడ దగ్గరికి వెళ్ళి ట్యాగులు గుచ్చిన తాడు విప్పింది. తెచ్చి కోడలి ముందు బల్ల మీద పరిచింది.

"లెక్కపెట్టు."

"అత్తయ్యా..."

"లెక్కపెట్టమ్మా. నేను అబద్ధమాడతానేమో గానీ, మందు వెయ్యకుండా ట్యాగు గుచ్చే అలవాటు నాకు లేదు."

కోడలు లెక్కపెట్టింది. ఒకటి నుంచి మొదలుపెట్టి, పిన్ను పిన్నుకీ వేలు ఆనించి లెక్కపెట్టింది. ఎనభై తొమ్మిది. రిపోర్టు మీద కిందటి పరీక్ష తేదీ నుంచి ఇవాళ్టి దాకా చూసింది. వేళ్ళు మడిచింది. ఎనభై తొమ్మిది.

పదమూడో ట్యాగు దగ్గర కొంచెం నెత్తురు మరకుంది. పిన్ను గుచ్చుకుందేమో. ఆ మరక చూశాక ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను అనకూడని మాటన్నాను."

"భయంలో అన్నావు."

"భయమైతే మాత్రం! నోటికెంతొస్తే అంత..." కోడలు తల దించుకుంది. "డాక్టరమ్మ మోతాదు పెంచింది. రేపు పొద్దుటి నుంచి ఈ కొత్త మాత్రలు వెయ్యమంది. మీరే వెయ్యండి. ఇంకెవరూ ముట్టుకోరు."

టీ తాగకుండానే నాలుగింటి డ్యూటీకి వెళ్ళిపోయింది. కొడుకు మళ్ళీ ఇస్త్రీపెట్టె పట్టుకున్నాడు. "దాని మాటలు మనసులో పెట్టుకోకమ్మా" అన్నాడు. "పెట్టుకోనురా" అంది ఆవిడ. గెలిచిన మనిషిలా ఉండాలి నిజానికి. అలా లేదు. మందు పడింది, అంకె మాత్రం పెరిగింది. ఎక్కడో ఏదో కలవడం లేదు, ఒంటరి మేజోడు మిగిలిపోయినట్టు.

బడి పిల్లల యూనిఫాంలు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఆవిడ మడతలకి కూర్చుంది. ఆ ఇంట్లో అట్టముక్క పారెయ్యరు. చెప్పుల పెట్టెలైనా సబ్బుల పెట్టెలైనా పట్టీలుగా కత్తిరించి, మడిచిన చొక్కాల కాలరు నిలబడ్డానికి లోపల దోపుతారు. పెద్దవాళ్ళ చొక్కాలకి దళసరి అట్ట, పిల్లల చొక్కాలకి పల్చనిది. ఇస్త్రీ అమ్మ గంపలోంచి ఓ పల్చటి పట్టీ తీసి చిన్న కాలరులో దోపబోయింది. దాని మీద నీలం గీత ఉంది. గుండీ మందు పెట్టె మీద ఉండే గీత అది. మూడు నెలల కిందట ఆవిడే కత్తిరించింది.

వెనక్కి తిప్పింది. చిన్న అక్షరాలున్నాయి. ఆవిడకి చదువు కొడుకు బడికి వెళ్ళే రోజుల్లో, వాడి వాచకం మీద వచ్చింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంది. కళ్ళజోడు సర్దుకుని వెలుగులోకి పట్టుకుంది.

'వేడి, వెలుతురు, తేమ తగలని చోట ఉంచవలెను. వాడే వరకు రేకు నుండి తీయ...'

అక్కడితో కత్తెర పడింది. మిగిలిన ముక్క ఏ పిల్లవాడి మెడ చుట్టూ ఉందో.

ఇస్త్రీ అమ్మ రెండోసారి చదివింది. మూడోసారి చదవలేదు.

ఇస్త్రీ ఇంట్లో తేమే శత్రువు. ఉతికిన బట్టల చెమ్మ గోడలకెక్కుతుంది, ఉప్పు నీరవుతుంది, అగ్గిపెట్టె వెలగదు. అందుకే బాయిలరు పైన ఓ చెక్క అర కొట్టారు. పొడి అర అంటారు దాన్ని. ఇంటి కాగితాలూ అగ్గిపెట్టెలూ ఉప్పు జాడీ అన్నీ అందులోనే. నెమ్మది ఫొటో కూడా అందులోనే. ఆ ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు లేదు. మూడు నెలల కిందట ముసురు పట్టినప్పుడు వంటింటి అలమరలో చెమ్మ చేరింది. ఆవిడ బొటనవేలు ఇస్త్రీపెట్టెలు మోసీ మోసీ బిగుసుకుపోయింది, రోజూ రేకు చించి మాత్ర తియ్యాలంటే ప్రాణం పోయేది. అందుకని ఓ రోజు కొడుకుచేత మాత్రలన్నీ ఒకేసారి రేకుల్లోంచి తీయించి, ఊడిపోయిన గుండీలు దాచే రేకు డబ్బా ఖాళీ చేసి, కడిగి తుడిచి, అందులో పోసింది. డబ్బాని తీసుకెళ్ళి పొడి అరలో, నెమ్మది ఫొటో పక్కన పెట్టింది.

స్టూలు వేసుకుని ఎక్కింది. డబ్బా మీద చెయ్యి వేసింది. చురుక్కుమంది. రోజూ పొద్దున్న ఆరింటికి డబ్బా ఇంత కాగదు, కాగినా నలభై ఏళ్ళుగా వేడి పట్టుకున్న చేతికి తెలియలేదు. పక్కన నిలబెట్టిన కొవ్వొత్తి నడుం వంగి అరకి ఆనుకుని ఉంది. నెమ్మది ఫొటో అంచులు చుట్టుకుపోయి, మొహం గోధుమరంగుకి తిరిగింది. ఇంత కాలం భద్రంగా దాచానని అనుకుంది.

స్టూలు మీదే కూర్చుండిపోయింది.

"ఏంటమ్మా, అక్కడెక్కి కూర్చున్నావ్?" ముందు గదిలోంచి కొడుకు అరిచాడు.

"ఏం లేదు. ఉప్పు."

ఏం లేదు. నిజంగానే, ఎవరికీ ఏం తెలియదు. కొత్త మాత్రలు వంటింట్లో రేకుల్లోనే ఉంచితే చాలు. పిల్ల కోలుకుంటుంది. మోతాదు పెంచబట్టి బాగైందని డాక్టరమ్మ అంటుంది. ఎనభై తొమ్మిది ట్యాగులూ గోడ మీద అలాగే ఉంటాయి. కోడలు జన్మలో మళ్ళీ వేలెత్తి చూపదు.

తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. డాక్టరమ్మ మోతాదు పెంచింది చెడిపోయిన మందుకి. రేపు పొద్దున అదే మోతాదులో మంచి మందు పడితే?

ఆవిడ గుండీని చంకనేసుకుంది. పిల్ల తల ఆవిడ భుజం మీద వాలింది, తడిగుడ్డలా. మరో చేత్తో కొంగులో చుట్టిన డబ్బా.

"ఎక్కడికమ్మా?"

"నీ పెళ్ళాం బస్సుకి."

"నాలుగేళ్ళుగా పదకొండో నంబరు తోలుతుంటే ఒక్కసారైనా ఎక్కమంటే ఎక్కలేదు, ఇప్పుడేం పనమ్మా?"

జవాబు చెప్పకుండా వీధిలోకి నడిచింది.

బస్సు వచ్చేసరికి అయిదున్నర. కండక్టరు వయసు మళ్ళినవాడు, ఆవిడ దగ్గరే బట్టలిస్తాడు. "ఏంటి ఇస్త్రీ అమ్మా! నా చొక్కా మడత నలిగిందని తనిఖీకొచ్చారా?" అంటూ చెయ్యందించాడు. నలుగురు నవ్వారు. డ్రైవరు సీటు వెనక ఉన్న సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టాడు.

కోడలు అద్దంలోంచి చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. "ఏమైంది? గుండీకేమైంది?"

"ఏం కాలేదు. నువ్వు బండి నడుపు."

"ఏం కాకపోతే మీరెందుకు ఎక్కుతారు?"

కండక్టరు డ్రైవరు తలపైనున్న బోర్డు చూపించాడు. ఇస్త్రీ అమ్మ కూడబలుక్కుని చదివింది. 'బండి నడుచునపుడు డ్రైవరుతో మాట్లాడరాదు.' నోరు మూసుకుంది.

చివరి స్టాపు దాకా పద్నాలుగు స్టాపులు. ప్రతి స్టాపులోనూ అద్దంలో ఆ కళ్ళు ఆవిణ్ణి వెతికాయి. ప్రతిసారీ ఆవిడ తల వంచుకుంది. చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకుంది, మడతలు పెట్టినట్టు. స్టాపు రాగానే ఆ వరస చెదిరిపోయేది. ఒకచోట దిగిపోదామా అనుకుంది కూడా. బడి నుంచి వస్తున్న ఓ అయిదేళ్ళ పిల్ల ఎక్కి ఎదురుగా కూర్చుంది. నోరు మూత పడకుండా వాళ్ళమ్మకి ఏదో చెబుతూనే ఉంది, పుస్తకం గురించీ పంటి గురించీ ఎవరో గిల్లిన సంగతీ. గుండీ ఆ పిల్ల వంక చూస్తోంది, రెప్ప వాల్చకుండా, మాట లేకుండా. ఇస్త్రీ అమ్మ మరి దిగే ఆలోచన చెయ్యలేదు.

చివరి స్టాపులో అందరూ దిగారు. కండక్టరు టీకి వెళ్ళాడు. పది నిమిషాల విరామం. కోడలు సీటులోంచి దూకినట్టే వచ్చింది.

"చెప్పండి."

ఇస్త్రీ అమ్మ డబ్బా ఆమె చేతిలో పెట్టింది. అట్ట పట్టీ పైన పెట్టింది. "చదువు."

కోడలు చదివింది. డబ్బా మూత తీసింది. మాత్రల అంచులు పసుపుబారి ఉన్నాయి. "ఇదెక్కడ పెట్టారు?"

"పొడి అరలో."

"బాయిలరు మీద?"

"బాయిలరు మీద. మూడు నెలలు. రేకులు కూడా తీసేశాను. రోజూ వేశానమ్మా, ఒక్కరోజు మానలేదు. కాలిన మందు వేశాను. నీ బిడ్డ మొహం ఉబ్బుతుంటే చూశాను, నిద్రపోతుంటే చూశాను. మళ్ళీ అదేనేమో అని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది. ఒప్పుకోలేక ఎండలన్నాను." ఆవిడ పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "నువ్వన్న మాట తప్పు కాదు. కొత్త మాత్రలు ఆ మోతాదులో వెయ్యకండి. ముందు డాక్టరమ్మకి చెప్పు. ఇకమీద మందు పని నువ్వే చూసుకో."

కోడలు బస్సు మెట్ల మీద కూర్చుంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఫోను తీసింది. డాక్టరమ్మ దొరికేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. "అవునండీ... వేడి మీదే... తొంభై రోజులు... లేదండీ, ఇంకా మొదలుపెట్టలేదు." తర్వాత చాలాసేపు వినడమే. ఇస్త్రీ అమ్మ ఆ మొహం మీదే కళ్ళు పెట్టుకుని నిలబడింది.

ఫోను పెట్టేసి కోడలు అంది. "పాత మోతాదే, కొత్తగా కొన్న మాత్రలు వెయ్యమన్నారు. పెంచినవి షాపులో వెనక్కిచ్చెయ్యమన్నారు. నాలుగు వారాలకి మళ్ళీ రక్తం చూస్తారట. మందు పూర్తిగా చెడిపోలేదు, సత్తువ తగ్గింది, అంతే. ఇప్పుడే పట్టుకున్నాం కాబట్టి పిల్ల అందుకుంటుందని అన్నారు." డబ్బా మూత బిగించింది. "చెప్పకుండా ఉండుంటే గుండెదడ పట్టేదిట, నిద్ర లేక, బరువు తగ్గి... ఎవరు చెప్పారో అడిగారు. మా అత్తగారన్నాను."

"ఏమన్నారు?"

"మంచి పని చేశారన్నారు."

ఇస్త్రీ అమ్మ సీటు కమ్మీ పట్టుకుంది. ఇక ఆగలేదు. "అది ఏడవలేదమ్మా. మా నెమ్మది. ఒక్కసారి గట్టిగా ఏడ్చుంటే నేను డాక్టరు దగ్గరికి పరిగెత్తేదాన్ని. బంగారంలాంటి పిల్లని అందరూ అంటుంటే నేనూ మురిసిపోయాను. మాత్ర ఉండేదట. ఈ చేత్తోనే వేసుండేదాన్ని..."

కోడలు లేచింది. యూనిఫాం చొక్కా మీద కన్నీళ్ళు పడితే పడనిచ్చి అత్తగారిని పట్టుకుంది. మధ్యలో గుండీ నలిగి మూలిగింది.

"మూడు నెలలుగా ఆ డబ్బా ఎక్కడుందని నేను ఒక్కసారైనా అడగలేదు అత్తయ్యా. పొద్దున్నే బండెక్కి పోతే చాలనుకున్నా. తప్పు జరిగితే తిట్టడానికి మాత్రం ముందున్నా."

"నువ్వు తిట్టబట్టే నేను అట్ట వెనక్కి తిప్పి చూశాను."

"ఆ తిట్టు మళ్ళీ తిట్టను."

"ఇంకోటి తిట్టు. ఊరుకోలేవుగా."

కండక్టరు టీ గ్లాసుతో వచ్చి, ఇద్దర్నీ చూసి, గ్లాసు వంక చూసుకుని, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయాడు. మూడు గ్లాసులతో వచ్చాడు.

మర్నాడు పొద్దున అయిదింటికి ఇస్త్రీ అమ్మ లేచేసరికి వంటింటి అలమరలో ఓ అర ఖాళీ చేసి ఉంది. కింద పొడి గుడ్డ పరిచి, రాత్రి కోడలు షాపులో మార్చి తెచ్చిన పాత మోతాదు మాత్రలు రేకుల్లోనే పేర్చి ఉన్నాయి. వాటి పక్కన నెమ్మది ఫొటో, చుట్టుకుపోయిన అంచులు సరిచేసి గాజుపలక కింద పెట్టి ఉంది. కోడలు యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ అంది, "రేకు చించడం నేను పొద్దున పోయేముందు చేసి పెడతా, ఒక్కటే, కత్తెరతో కొంచెం నోరు తెరిచి. మీ బొటనవేలికి కష్టం లేకుండా. వెయ్యడం మీ పనే."

"నేనా?"

"మరి నేను అయిదుంబావుకి పోతే ఇంకెవరు వేస్తారు? మీ అబ్బాయా? ఆయన చొక్కాకి కూడా గంజి ఎక్కువ పెడతాడు."

ఇస్త్రీ అమ్మ తాడు మీద ఒకటో నంబరు ట్యాగు గుచ్చింది. ఎనభై తొమ్మిదీ తీసేసి గంపలో వేసింది.

నాలుగు వారాలు దాటాక, ఆలస్యపు డ్యూటీ పడిన ఓ పొద్దున కోడలు ఆరింటికి గేటు దాటి వీధి మలుపు దాకా వెళ్ళిపోయింది. వెనక నుంచి ఓ కేక వినిపించింది. మామూలు కేక కాదు. గొంతు చించుకుని, ఊపిరి బిగబట్టి, మళ్ళీ అందుకున్న కేక. ఆమె సంచీ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

గుండీ మంచం మధ్యలో నిలబడి ఉంది. చెంచా గదికి ఆ మూలన పడి ఉంది. నాయనమ్మ జుట్టు రెండు గుప్పిళ్ళ నిండా పట్టుకుని పిల్ల ఊగుతోంది. పక్కింటివాళ్ళు గోడ మీద దబదబా కొడుతున్నారు. ఇస్త్రీ అమ్మ తల వంచి, జుట్టు విడిపించుకోకుండా, కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగా నవ్వుతోంది.

"అయ్యయ్యో, వదిలించండి అత్తయ్యా!"

"ఉండనీ" అంది ఆవిడ. "ఇంకొంచెం ఏడవనీ."

గోడ అవతల నుంచి పక్కింటాయన అరిచాడు, "ఆ పిల్ల నోరు ఎవరైనా మూయిస్తారా లేదా?"

"మూయించమండీ!" అని అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి అరిచారు.